అప్‌డేట్: అమ్మ భుజం నొప్పికి ఫిజియోథెరపీ

అమ్మకి కుడి చెయ్యి పైకి లేవట్లేదు, ఫిజియోథెరపీ చేయించాలా, ఇంజెక్షనా అని అడిగాను కదా. విజయనగరంలో ఎముకల డాక్టర్‌కి చూపించాం. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువట. రెండూ చేశారు: ముందు జాయింట్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్, నొప్పి తగ్గాక వ్యాయామాలు. ఇంజెక్షన్‌కి కొన్నాళ్లు షుగర్ పెరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి పెరిగినా టెన్షన్ పడలేదు.

వేడి కాపడం పెట్టాక, ముందుకి వంగి చెయ్యి వేలాడేసి ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం. వీటికన్నా కష్టం, మోచెయ్యి నడుముకి ఆనించి కర్రతో ముంజేతిని బయటికి నెట్టడం. ఈ జబ్బులో బాగా బిగుసుకుపోయేది ఆ కదలికేనట. అమ్మ అక్కడే సణుగుతుంది. గిలక మీద తాడు లాగడం మాత్రం ఇష్టంగానే చేస్తోంది, బావిలో నీళ్లు తోడిన చెయ్యి మరి!

ఇప్పుడు జడ తనే వేసుకుంటోంది. చెయ్యి వీపు వెనక్కి ఇంకా వెళ్లట్లేదు. పూర్తిగా తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చన్నారు.