మనిషెత్తు రోబో: భుజం సర్వో చెయ్యిని మోయట్లేదు, పెద్ద మోటారు కొనాలా?

తోకచుక్క:

అందరికీ నమస్కారం. ఇంట్లోనే ఓ మూల బల్ల వేసుకుని మనిషెత్తు రోబో కడుతున్నాను. నిలబెడితే 160 సెంటీమీటర్లు ఉండాలి. ఇంతకుముందు చేసిన 40 సెంటీమీటర్ల బుల్లి రోబో హాయిగా చేతులూపేది, ఆ ధైర్యంతో దీంట్లోకి దిగాను. అరచెయ్యి, ముంజెయ్యి గేల్ లాంజ్విన్ 2012లో మొదలుపెట్టిన, 3డీ ప్రింటర్‌తో ఎవరైనా చేసుకోగల రోబో డిజైన్ అయిన ఇన్‌మూవ్ ఫైళ్ల నుంచి తీసుకున్నా. ఆ ముక్కలన్నీ 12 సెంటీమీటర్ల బెడ్ మీద పట్టేలా గీసి ఉంటాయి, నా చిన్న ప్రింటర్‌కి అది కలిసొచ్చింది. భుజం మాత్రం మరీ గజిబిజిగా అనిపించి నేనే సింపుల్‌గా గీసుకున్నా: 35 కేజీ-సెం.మీ. సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు; ఇరుసుకి ఒక సెంటీమీటరు దూరంలో 35 కిలోలు ఆపే బలమని ఆ అంకె అర్థం), దాని ఇరుసు మీది పట్టీ అయిన హార్న్‌కి నేరుగా చెయ్యి.

చెయ్యి వేలాడుతున్నంతసేపు ఏ గొడవా లేదు. ముందుకి లేపితే సగం దాకా వచ్చి వణుకుతుంది, గుయ్యిమంటుంది, కాసేపటికి సర్వో ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. అదే సమయంలో తల గంగిరెద్దులా ఊగుతుంది, ఒక్కోసారి సర్వోలని నడిపే ఆర్డుయినో బోర్డు రీసెట్ అయిపోతుంది. తలకీ భుజానికీ సంబంధమేంటో అంతుపట్టట్లేదు. చెయ్యి మొత్తం తూచితే 1.8 కిలోలు వచ్చింది. 60 కేజీ-సెం.మీ. సర్వో కొంటే సరిపోతుందా? కాళ్లు ఇంకా మొదలుపెట్టలేదు, నడిపించాలని ఆశ.

సోల్డర్‌పొగ:

తల సంగతి నేను చెప్తా, భుజం సంగతి పెద్దలెవరైనా చూస్తారు. భుజం సర్వో మొరాయించినప్పుడు కరెంటు విపరీతంగా లాగుతుంది. ఎంజీ996ఆర్ లాంటి మామూలు సర్వోయే 6 వోల్టుల దగ్గర స్టాల్ అయితే (కదల్లేక ఆగిపోతే) 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది, మీది అంతకంటే పెద్దది. అన్నిటికీ ఒకే సన్నటి వైరు మీదుగా సప్లై ఇచ్చి ఉంటారు, వోల్టేజి కుంగిపోతుంది, తల సర్వోకి సిగ్నల్ పిచ్చిగా కనబడుతుంది, బోర్డు పడిపోతుంది.

సప్లై దగ్గర కాదు, సర్వో దగ్గర మల్టీమీటర్ పెట్టి చెయ్యి లేపి చూడండి. జంపర్ వైర్లూ బ్రెడ్‌బోర్డూ మోటార్ల కరెంటుకి పనికిరావు. మోటార్లకి వేరే సప్లై, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఒక్కో చేతికి ఒక్కో ఫ్యూజు. ఆర్డుయినోకి విడిగా ఇవ్వండి, గ్రౌండ్ (నెగెటివ్) వైరు మాత్రం రెండిటికీ కలపాలి, లేకపోతే మళ్లీ ఇదే తంతు.

పాతలేతు:

తమ్ముడూ, మోటారు జోలికి ఇప్పుడే పోకు. ముందు కాగితం తియ్యి. చెయ్యిని ఓ పైపు మీద పడుకోబెట్టి ఎక్కడ తూగుతుందో చూడు. వేళ్ల సర్వోలన్నీ ముంజేతిలోనే ఉన్నాయి కాబట్టి భుజానికి 28 సెంటీమీటర్ల దూరంలో తూగుతుందనుకుందాం. 1.8ని 28తో గుణిస్తే 50. అంటే ఉత్త చెయ్యిని అడ్డంగా చాచి ఉంచడానికే 50 కేజీ-సెం.మీ. కావాలి. నీ సర్వో మీద రాసిన 35 అనేది స్టాల్ టార్క్, అంటే తిప్పే బలం అయిపోయి మోటారు చేతులెత్తేసే చోటు. అందులో మూడోవంతుకి మించి నేనైతే అడగను. ఆ లెక్కన 12 మోయగలిగేదానితో 50 మోయిస్తున్నావు. 60ది తెచ్చినా 20 దగ్గరే ఆగుతావు.

మరి బుల్లి రోబో బాగానే ఊపేదిగా అంటావు. 40 నుంచి 160 అంటే నాలుగింతలు. అన్ని కొలతలూ నాలుగింతలు చేస్తే బరువు 64 రెట్లు, ఆ బరువు వేలాడే దూరం ఇంకో నాలుగింతలు, భుజం మీద పడేది 256 రెట్లు. నువ్వు గుల్లగా ప్రింట్ చేస్తావు కాబట్టి అంత ఉండదు, కానీ పోకడ అదే. పెద్ద మోటారు పెడితే దాన్ని మోయడానికి ఎముక లావవ్వాలి, ఆ ఎముక బరువుకి నడుం దగ్గర ఇంకా పెద్ద మోటారు కావాలి. దానికి అంతుండదు. ముందు బరువుని వదిలించుకో.

నువ్వు గజిబిజి అన్న ఆ ఇన్‌మూవ్ భుజంలోనే కిటుకంతా ఉంది. అందులో సర్వో చెయ్యిని నేరుగా తిప్పదు, మధ్యలో వర్మ్ గేరు (మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పే ఏర్పాటు) ఉంటుంది. సర్వోలోంచి కోణం కొలిచే పొటెన్షియోమీటర్ ఊడదీసి కీలు దగ్గర పెడతారు, మోటారు ఎన్ని చుట్లైనా తిరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది. కరెంటు పోయినా వర్మ్ వెనక్కి తిరగదు, చెయ్యి ఎక్కడిదక్కడే ఉంటుంది. కాకపోతే ఎవరైనా పట్టుకుని గుంజితే ప్లాస్టిక్ పళ్లు లేచిపోతాయి. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ ముందు చేసేది షేక్‌హ్యాండ్ ఇవ్వడమే, గుర్తుపెట్టుకో.

ముందుకి లేపే కదలికకి నేనైతే స్ప్రింగు కడతా. స్ప్రింగుల టేబుల్ ల్యాంపు ఎక్కడ వదిలితే అక్కడ నిలబడుతుంది చూశావా, 1930ల్లో జార్జ్ కార్వర్డైన్ అనే కార్ల సస్పెన్షన్ ఇంజినీరు తెచ్చిన ఉపాయం అది. భుజం కీలుకి నిట్టనిలువుగా పైన ఒక కొక్కెం, దండచేతి మీద ఇంకో కొక్కెం, మధ్యలో లాగుడు స్ప్రింగు. చెయ్యి వేలాడేటప్పుడు స్ప్రింగు గీత సరిగ్గా కీలు మీదుగా పోతుంది కాబట్టి అది చెయ్యిని తిప్పదు. అప్పుడు బరువు కూడా తిప్పదు. చెయ్యి అడ్డంగా లేచేకొద్దీ రెండూ కలిసి పెరుగుతాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మోటారుకి మిగిలేది చేతిలో పెట్టిన వస్తువు బరువూ, కీళ్ల రాపిడీ, కదిలించే శ్రమా. పక్కకి లేపే కదలికకి ఈ పద్ధతి కుదరదు, అక్కడ వర్మ్ వేసుకో.

మూడుచక్రాలు:

కాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను. హోండా వాళ్లు 1986లో నడిచే కాళ్లతో మొదలుపెడితే, మనిషి ఆకారంలో పీ2 అనే రోబో బయటికొచ్చింది 1996లో. 182 సెంటీమీటర్లు, 210 కిలోలు. అంత పెద్ద కంపెనీకే పదేళ్లు. ఇంట్లో మనిషెత్తు రోబోకి చక్రాల పీఠమే మేలు, పైన ప్యాంటు తొడిగినా ఎవరూ అడగరు.

చక్రాలున్నా పడిపోదని కాదు. పీఠం 40 సెంటీమీటర్ల చదరం, బరువు కేంద్రం 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 12 డిగ్రీలు వాలగానే బోర్లా పడుతుంది. బ్యాటరీలు అడుగున పెట్టి కేంద్రాన్ని 40కి దించితే 26 డిగ్రీల దాకా ఆగుతుంది. అందుకే తేలికైన లిథియం వదిలేసి లెడ్ యాసిడ్ బ్యాటరీలు వేశాను, బరువు దోషం కాకుండా లాభమయ్యే చోటు అదొక్కటే. ప్రమాదం వస్తే కొట్టి ఆపే పుట్టగొడుగు స్విచ్ వీపు మీద పెట్టండి, అది మోటార్ల కరెంటు మాత్రమే కొయ్యాలి, కంప్యూటర్‌ది కాదు.

తోకచుక్క:

సోల్డర్‌పొగ గారూ, మీటరు పెట్టా. సప్లై దగ్గర 6, సర్వో దగ్గర 4.4! వైర్లు మార్చాక తల బుద్ధిగా ఉంది. మాస్టారూ, స్ప్రింగు ఎంత గట్టిది తీసుకోవాలి? ఏదో ఒకటి తగిలిస్తే చాలా?

పాతలేతు:

ఏదో ఒకటి తగిలిస్తే కిందకి రానే రాదు. పై కొక్కెం కీలుకి 8 సెంటీమీటర్ల ఎత్తున, చేతి కొక్కెం 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టావనుకో. 8 ఇంటూ 10 అంటే 80. నీకు కావల్సిన 50ని 80తో భాగిస్తే 0.625. సెంటీమీటరు సాగితే 625 గ్రాములు లాగే స్ప్రింగు చూసుకో. చెయ్యి వేలాడుతున్నప్పుడు అది 18 సెంటీమీటర్లు సాగి ఉండాలి, 11 కిలోల పైచిలుకు లాగుతుంది. ఈ లెక్క కుదరాలంటే స్ప్రింగు అసలు పొడవు రెండు కొక్కేల మధ్య ఉండకూడదు. పై కొక్కెం చోట చిన్న కప్పీ పెట్టి, దాని మీదుగా తాడు వెనక్కి తిప్పి, స్ప్రింగుని వీపు లోపల నిలువుగా దాచు. తాడు ఇరుసుకి తగలకుండా పక్కనుంచి పోవాలి.

ఆ 11 కిలోలు రాత్రింబగళ్లు లాగుతూనే ఉంటాయి. ప్రింట్ చేసిన ప్లాస్టిక్‌కి కొక్కెం బిగిస్తే నెమ్మదిగా వంగిపోతుంది, అల్యూమినియం పట్టీ వేసి ఇటునుంచి అటు దాకా పోయే బోల్టు కొట్టు. చెయ్యి బరువు సర్వో ఇరుసు మీద వేయకు, కీలుకి రెండువైపులా బేరింగులు ఉండాలి, సర్వో తిప్పడానికే. కీళ్లు బాగుంటే ఎన్నాళ్లైనా ఉంటుంది. టోనీ సేల్ 1950 ప్రాంతంలో కూలిన బాంబరు విమానం రేకులతో జార్జ్ అనే ఆరడుగుల రోబోని కట్టి, తర్వాత గ్యారేజీలో పడేశాడు. 2010లో బయటికి తీసి బేరింగులకి నూనె వేసి కొత్త బ్యాటరీలు పెడితే మళ్లీ కదిలింది.

ఒక జాగ్రత్త. రిపేరుకని ముంజెయ్యి విప్పాల్సి వస్తే ముందు తాడు విప్పు. బరువు పోయాక దండచెయ్యి ఒక్క ఊపున పైకి లేస్తుంది, ఆ టైముకి నీ గడ్డం అక్కడే ఉంటుంది.