మౌస్ ముట్టకుండా పక్క మానిటర్‌లోని విండోకి వెళ్లడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

చిట్టాపద్దు
అందరికీ నమస్కారం. నాది అకౌంట్స్ పని. ముందు మూడు మానిటర్లు ఉంటాయి. ఎడమ పక్కదాంట్లో స్కాన్ చేసిన ఇన్‌వాయిస్‌లు, మధ్యదాంట్లో ఎక్సెల్, కుడి పక్కదాంట్లో మెయిల్, చాట్. సిస్టమ్ విండోస్ 11. ఇన్‌వాయిస్ చూసి అంకె ఎక్సెల్‌లో కొట్టాలి, మళ్లీ ఇన్‌వాయిస్ దగ్గరికి పోయి పేజీ తిప్పాలి. రోజంతా ఇదే రాకపోక, అంతా మౌస్‌తోనే.

ఆల్ట్ + ట్యాబ్ కొడితే మూడు మానిటర్ల విండోలూ ఒకే గుంపుగా వస్తాయి. మధ్యలో ఒక మెయిల్ తెరిస్తే చాలు, వరస మారిపోతుంది. అప్పటిదాకా ఒక్క నొక్కుతో దొరికిన ఇన్‌వాయిస్ మూడో స్థానానికో నాలుగో స్థానానికో పోతుంది. నాకు కావలసింది ‘ఎడమ మానిటర్‌కి పో’ అనే కీ. అలాంటిది ఉందా? లేకపోతే మీరంతా ఏం చేస్తున్నారు?

రెండుతెరలు
విండోస్ కీ + షిఫ్ట్ + ఎడమ యారో కొట్టి చూడండి. విండో ఉన్నది ఉన్నట్టుగా పక్క మానిటర్‌కి వెళ్తుంది. విండోస్ 7 నుంచీ ఉన్న షార్ట్‌కట్ ఇది.

చిట్టాపద్దు
అది రోజూ వాడతానండి. కానీ ఇక్కడ విండో కదలకూడదు. ఏది ఎక్కడుందో అక్కడే ఉండాలి. నేను కొట్టే అక్షరాలు మాత్రం ఈ విండోలోంచి ఆ విండోలోకి మారాలి.

నిశాచరి
చిట్టాపద్దు గారు అడిగేది చాలామంది సరిగ్గా పట్టించుకోరు. విండోని జరపడం వేరు, ఫోకస్‌ని (కొట్టే కీలు ఏ విండోలోకి పోతాయో దాన్ని) జరపడం వేరు. మొదటిదానికి విండోస్‌లో కావలసినన్ని షార్ట్‌కట్‌లు ఉన్నాయి. రెండోదానికి, అంటే ‘ఫలానా మానిటర్‌లో పైనున్న విండోని యాక్టివ్ చెయ్యి’ అనడానికి, సిస్టమ్‌తో వచ్చే కీ లేదు. అందుకని నేను మానిటర్ గురించి ఆలోచించడం మానేసి అప్లికేషన్ నంబరు పట్టుకున్నాను.

టాస్క్‌బార్‌లో పిన్ చేసిన (ఎప్పుడూ ఉండేలా అతికించిన) అప్లికేషన్లకి ఎడమ నుంచి 1, 2, 3 అని వరస ఉంటుంది. విండోస్ కీ + 1 అంటే మొదటిది, విండోస్ కీ + 2 అంటే రెండోది. అది ఏ మానిటర్‌లో ఉన్నా సరే, ఫోకస్ నేరుగా అక్కడికి పోతుంది. మీరు పీడీఎఫ్ రీడర్‌ని మొదట, ఎక్సెల్‌ని రెండోది, మెయిల్‌ని మూడోది పెట్టుకోండి. మానిటర్ల వరసా, టాస్క్‌బార్ వరసా ఒకటే అవుతాయి. అప్పుడు 1 అంటే ఎడమ, 2 అంటే మధ్య, 3 అంటే కుడి. ఆల్ట్ + ట్యాబ్‌లా వరస మారదు, కాబట్టి వేళ్లకి త్వరగా అలవాటవుతుంది.

ఒక జాగ్రత్త. యాక్టివ్‌గా ఉన్న విండో నంబరే మళ్లీ కొడితే అది మినిమైజ్ అయిపోతుంది. మళ్లీ అదే కొడితే తిరిగొస్తుంది.

చిట్టాపద్దు
ఇప్పుడే పెట్టి చూశాను. చాలా బాగుంది! కానీ నా దగ్గర ఎక్సెల్ ఫైళ్లు రెండు మూడు తెరిచి ఉంటాయి. విండోస్ కీ + 2 కొడితే వాటి చిన్న బొమ్మలు వస్తున్నాయి, ఏది కావాలో ఎంచుకోవాల్సి వస్తోంది.

నిశాచరి
దానికి కంట్రోల్ కలపండి. విండోస్ కీ + కంట్రోల్ + 2 కొడితే ఆ అప్లికేషన్‌లో మీరు చివరిగా వాడిన విండోకే పోతుంది. మళ్లీ మళ్లీ కొడితే దాని మిగతా విండోలు ఒక్కొక్కటే వస్తాయి. నా చేతికి ఇదే అలవాటు. షిఫ్ట్ కలిపితే మాత్రం అదే అప్లికేషన్ ఇంకో కొత్త విండో తెరుస్తుంది.

మణికట్టునొప్పి
ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. కుడిచేతి మణికట్టు నొప్పితో చాలాకాలం బాధపడ్డాను. మూడు మానిటర్లంటే మౌస్ ఎంత దూరం పోవాలో ఆలోచించండి. ఆ చివర మూల నుంచి ఈ చివర మూలకి ఒక్క ఊపులో రాదు, మౌస్‌ని ఎత్తి మళ్లీ పెట్టి లాగాలి. కీబోర్డుకి మారాక చేతికి నిజంగా తెరిపి వచ్చింది.

నాలాంటి వాళ్లకి మూడు కీలు ఒకేసారి నొక్కడమూ కష్టమే. స్టిక్కీ కీస్ ఆన్ చేసుకోండి. షిఫ్ట్ ఐదుసార్లు వరసగా నొక్కితే ఆన్ చెయ్యమంటారా అని సిస్టమే అడుగుతుంది. ఆ తర్వాత విండోస్ కీ నొక్కి వదిలి, షిఫ్ట్ నొక్కి వదిలి, యారో నొక్కినా పని జరుగుతుంది. ఒక్క వేలు చాలు. చాలామంది ఆ బాక్స్ కనబడగానే మూసేస్తారు గానీ, అవసరమైన వాళ్లకి అది ఎంత మేలో చెప్పలేను.

రెండుతెరలు
వర్చువల్ డెస్క్‌టాప్‌లు, అంటే ఒకే సిస్టమ్‌లో విడివిడి విండోల గుంపులతో ఉండే తెరలు, వాడొచ్చుగా? విండోస్ కీ + కంట్రోల్ + కుడి యారో. ఒక్కో పనికి ఒక్కో డెస్క్‌టాప్.

నిశాచరి
విండోస్‌లో డెస్క్‌టాప్ మారిస్తే అన్ని మానిటర్లూ కలిసే మారతాయి. ఎడమదాన్ని అలాగే ఉంచి మధ్యదాన్ని మాత్రం మార్చడం కుదరదు. రెండు వేర్వేరు ప్రాజెక్టులను విడదీసుకోవడానికి బాగుంటుంది. ఒకే పనిలో రెండు తెరల మధ్య తిరగడానికి కాదు.

టెర్మినల్‌వాసి
లినక్స్ వైపు సంగతి చెప్తాను, ఎందుకంటే చిట్టాపద్దు గారు అడిగింది ఇక్కడ మొదటి నుంచీ ఉంది.

టైలింగ్ విండో మేనేజర్లలో (విండోలని ఒకదాని మీద ఒకటి పడకుండా పలకల్లా పక్కపక్కన పేర్చే ప్రోగ్రాములు) మానిటర్‌కే ఫోకస్ ఇచ్చే ఆదేశం ఉంటుంది. వాటిలో ఒకటైన ఎక్స్‌మోనాడ్‌లోనైతే మాడ్ కీతో (షార్ట్‌కట్‌ల కోసం కేటాయించిన కీ, ఆల్ట్ లాంటిది) డబ్ల్యూ, ఇ, ఆర్ నొక్కితే వరసగా ఒకటో, రెండో, మూడో స్క్రీన్. ఆ మూడు కీలూ కీబోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి, మానిటర్లు బల్ల మీద ఉన్నట్టే. షిఫ్ట్ కూడా కలిపితే విండోనే అక్కడికి పంపుతుంది. ఫోకస్‌కి ఒక కీ, దానికే షిఫ్ట్ కలిపితే విండోకి. ఇంత శుభ్రమైన ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

అలాంటిదే ఇంకొకటి ఐ3. అందులో ‘ఫోకస్ అవుట్‌పుట్ లెఫ్ట్’, ‘ఫోకస్ అవుట్‌పుట్ రైట్’ అనే ఆదేశాలున్నాయి. వాటికి కీ మనమే కాన్ఫిగ్ ఫైల్‌లో రాసుకోవాలి. అక్కడ ప్రతి వర్క్‌స్పేస్ (నంబరు ఉన్న విండోల గుంపు) ఒక మానిటర్‌కి చెంది ఉంటుంది. వర్క్‌స్పేస్ 4 ఏ మానిటర్‌లో ఉందో గుర్తు లేకపోయినా మాడ్ + 4 కొడితే ఫోకస్ అక్కడికే పోతుంది. పైగా ఫోకస్ వేరే మానిటర్‌కి మారితే మౌస్ పాయింటర్ కూడా ఆ మానిటర్ మీదికి వచ్చేస్తుంది. పాయింటర్ ఒక తెర మీద, టైపింగ్ ఇంకో తెర మీద అనే తికమక ఉండదు.

ఇంత లోతుకు వద్దనుకుంటే లినక్స్‌లోనే కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ చూడండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో విండో మేనేజ్‌మెంట్, అందులో టాస్క్ స్విచర్. అక్కడ ఏయే విండోలు చూపించాలో వడగట్టొచ్చు, ప్రస్తుత స్క్రీన్‌వి మాత్రమే అని పెట్టొచ్చు. దాని పక్కనే రెండో స్విచర్ ఒకటి ఉంటుంది, దానికి వేరే షార్ట్‌కట్ ఇవ్వొచ్చు. నాకు ఆల్ట్ + ట్యాబ్‌కి అన్ని స్క్రీన్ల విండోలూ వస్తాయి, రెండో షార్ట్‌కట్‌కి ఈ స్క్రీన్‌వి మాత్రమే వస్తాయి.

నోమ్ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్‌లో విండోని పక్క మానిటర్‌కి పంపడానికి సూపర్ (విండోస్ కీయే) + షిఫ్ట్ + యారో. అక్కడ మామూలుగా వర్క్‌స్పేస్‌లు ప్రధాన మానిటర్‌కే వర్తిస్తాయి, రెండో మానిటర్ కదలకుండా ఉంటుంది. కొందరికి ఇది నచ్చదు. నాకైతే ఇదే ఇష్టం, రిఫరెన్స్ పేజీ పక్కన స్థిరంగా ఉండిపోతుంది. నచ్చకపోతే సెట్టింగ్స్‌లో మల్టీటాస్కింగ్ కింద మార్చుకోవచ్చు.

వీడియోవాణి
మ్యాక్ వాళ్లెవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను. ఇక్కడ ముందు అర్థం చేసుకోవలసింది, కమాండ్ + ట్యాబ్ మార్చేది అప్లికేషన్లని, విండోలని కాదు. ఒకే అప్లికేషన్ విండోలు రెండు మానిటర్లలో ఉంటే రెండూ పైకి వస్తాయి. వాటి మధ్య తిరగాలంటే కమాండ్‌తో, ట్యాబ్‌కి సరిగ్గా పైనున్న కీ నొక్కాలి. విండోస్ నుంచి వచ్చినవాళ్లకి మొదట్లో చాలా విసుగొచ్చేది ఇక్కడే. ఈ రెండో కీ అలవాటైతే సగం బాధ తీరుతుంది.

ఒక్కో మానిటర్‌కి విడిగా స్పేస్‌లు (మ్యాక్‌లో వర్చువల్ డెస్క్‌టాప్‌ల పేరు) ఉండే పద్ధతి 2013లో మావెరిక్స్ అనే మ్యాక్ సిస్టమ్ వెర్షన్‌తో వచ్చింది. అది ఆన్‌లో ఉంటే కంట్రోల్ + యారో కొట్టినప్పుడు పాయింటర్ ఏ మానిటర్ మీద ఉందో దాని స్పేస్ మాత్రమే మారుతుంది. వీడియో ఎడిటింగ్ టైమ్‌లైన్ ఒక తెర మీద కదలకుండా ఉంటే, పక్క తెరలో క్లిప్పులూ స్క్రిప్టూ మార్చుకుంటాను. నా పనికి ఇది ప్రాణం.

విండోని పక్క మానిటర్‌కి పంపడానికి రెక్టాంగిల్ అనే ఉచిత అప్లికేషన్ వాడతాను. కంట్రోల్ + ఆప్షన్ + కమాండ్ + యారో. ఆల్ట్‌ట్యాబ్ అని ఇంకొకటుంది. విండోస్‌లోలాగా ఒక్కో విండోనీ విడిగా చూపిస్తుంది, ఈ స్క్రీన్‌లోవి మాత్రమే చూపించమనీ చెప్పొచ్చు.

స్క్రిప్టులసంచి
విండోస్‌లోనూ అసలైన ‘ఎడమ మానిటర్‌కి పో’ కీ తయారు చేసుకోవచ్చు. ఆటోహాట్‌కీతో (సొంత షార్ట్‌కట్‌లకి స్క్రిప్టులు రాసుకునే ప్రోగ్రాము) నేను చేసుకున్నాను: క్యాప్స్ లాక్ పట్టుకుని 1, 2, 3. పనిచేసే తీరు చెప్తాను, ఎవరికి వాళ్లు రాసుకోవచ్చు.

తెరిచి ఉన్న విండోల జాబితా అడిగితే ఆటోహాట్‌కీ పైనున్న దాని నుంచి కిందున్న దాని వరకు వరసగా ఇస్తుంది. ఒక్కో విండో ఎక్కడుందో, ఎంత వెడల్పో, ఎంత ఎత్తో అడిగి దాని మధ్య బిందువు లెక్కేస్తాను. ఆ బిందువు కావలసిన మానిటర్ హద్దుల్లో పడితే, అదే ఆ మానిటర్‌లో పైనున్న విండో. దాన్ని యాక్టివ్ చేసి ఆపేస్తాను. మూల కాకుండా మధ్య బిందువు ఎందుకంటే, మాక్సిమైజ్ చేసిన విండో అంచులు కొన్ని పిక్సెళ్లు పక్క మానిటర్‌లోకి పొడుచుకొస్తాయి. మూలని చూస్తే లెక్క తప్పుతుంది.

రెండు రకాలని వదిలెయ్యాలి. టైటిల్ లేని విండోలు కొన్ని జాబితాలో వస్తాయి, అవి సిస్టమ్ సొంతవి. ఇక మినిమైజ్ చేసిన విండో స్థానం అడిగితే మైనస్ 32000 అని వస్తుంది. తెర బయట అంత దూరాన పెట్టడమే దాని పద్ధతి. ఈ రెండూ వడగడితే చాలు.

చిట్టాపద్దు
చదువుతుంటేనే సంతోషంగా ఉంది. కానీ మా ఆఫీసు సిస్టమ్‌లో కొత్తవి ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు. నాకు నంబర్లే దిక్కు. ఇంకో సందేహం. మూడు మానిటర్లలో ఏ విండో యాక్టివ్‌గా ఉందో కంటికి తెలియడం లేదు. ఎక్సెల్ అనుకుని కొడుతుంటే అంకెలు చాట్‌లో పడుతున్నాయి.

మణికట్టునొప్పి
ఇది అందరూ చేసుకోవలసిన మార్పు! సెట్టింగ్స్, పర్సనలైజేషన్, కలర్స్. అందులో టైటిల్ బార్లకీ విండో అంచులకీ యాక్సెంట్ కలర్ (మీరు ఎంచుకున్న రంగు) చూపించే ఆప్షన్ ఆన్ చేసి, ముదురు నారింజ లాంటి కొట్టొచ్చే రంగు పెట్టండి. యాక్టివ్ విండోకి మాత్రమే ఆ రంగు వస్తుంది. కొన్ని అప్లికేషన్లు టైటిల్ బార్‌ని సొంతంగా గీసుకుంటాయి, వాటికి అంచు మాత్రమే రంగు మారుతుంది. ఆ సన్నని గీతైనా కనిపెట్టడానికి సరిపోతుంది. చాట్‌లో అంకెలు పడితే పర్లేదు, పాస్‌వర్డ్ పడితే కష్టం. ఎంటర్ కొట్టే ముందు కన్ను ఆ రంగు కోసం వెతకడం అలవాటు చేసుకోండి.

కొత్తగాచేరాను
విషయం పక్కకి పోతోందేమో, క్షమించండి. ల్యాప్‌టాప్ నుంచి మానిటర్ పీకాక ఒక్కోసారి విండో కనబడకుండా పోతోంది. టాస్క్‌బార్‌లో ఉంటుంది, తెర మీద ఉండదు. దాన్ని తెచ్చుకోవడం ఎలా?

రెండుతెరలు
ఆల్ట్ + ట్యాబ్‌తో దాన్ని యాక్టివ్ చేసి, ముందు విండోస్ కీ + షిఫ్ట్ + యారో కొట్టి చూడండి. దానికి రాకపోతే పాత పద్ధతి: ఆల్ట్ + స్పేస్, తర్వాత ఎం, తర్వాత ఏదో ఒక యారో ఒక్కసారి. ఇప్పుడు మౌస్ కదిపితే విండో పాయింటర్‌కి అతుక్కుని తెర మీదకి వస్తుంది, క్లిక్ చేసి వదిలెయ్యడమే. విండో మాక్సిమైజ్ అయి ఉంటే ఎం పనిచెయ్యదు. ముందు ఆల్ట్ + స్పేస్, ఆర్ కొట్టి మామూలు సైజుకి తెచ్చి, అప్పుడు ఎం.

ఇంకోటి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ల బొమ్మలు బల్ల మీద ఉన్న వరసలోనే ఉన్నాయో లేదో చూసుకోండి. ఐడెంటిఫై నొక్కితే ఏ తెర ఏ నంబరో పెద్దగా కనబడుతుంది. బొమ్మలు తారుమారుగా ఉంటే కుడి యారో కొట్టినా విండో ఎడమకి పోతుంది, షార్ట్‌కట్ చెడిపోయిందని అనుకుంటాం. మానిటర్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నవాళ్లు కూడా ఎడమ, కుడి యారోలే వాడాలి. షిఫ్ట్‌తో పై యారో కొడితే విండో నిలువునా సాగుతుంది, పై మానిటర్‌కి పోదు.

నిశాచరి
రిమోట్ డెస్క్‌టాప్ మీద, అంటే వేరేచోట ఉన్న కంప్యూటర్‌ని మన తెర మీద తెరుచుకుని, పనిచేసేవాళ్లకి ఒక మాట. పైన చెప్పిన విండోస్ కీ షార్ట్‌కట్‌లు మన సిస్టమ్‌కి పోతాయా, అవతలి సర్వర్‌కి పోతాయా అన్నది కనెక్షన్ ముందు పెట్టే ఆప్షన్ మీద ఉంటుంది. లోకల్ రిసోర్సెస్‌లో కీబోర్డు దగ్గర చూడండి: ఈ కంప్యూటర్‌కి, రిమోట్ కంప్యూటర్‌కి, ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు మాత్రమే రిమోట్‌కి. నేను మూడోదే ఉంచుకుంటాను. సెషన్‌ని చిన్న విండోలో పెట్టినప్పుడు లోపలి విండోలు మార్చాలంటే ఆల్ట్ + పేజ్ అప్. ఫుల్ స్క్రీన్‌లోకి పోవడానికీ రావడానికీ కంట్రోల్ + ఆల్ట్ + బ్రేక్.

కొత్తగాచేరాను
ఆల్ట్ + స్పేస్, ఎం పనిచేసింది, చాలా థాంక్స్ అండి! స్క్రిప్టులసంచి గారూ, మీరు చెప్పినట్టే క్యాప్స్ లాక్ కీలు రాసుకున్నాను. అన్నిచోట్లా బాగున్నాయి, టాస్క్ మేనేజర్ ముందుంటే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

స్క్రిప్టులసంచి
టాస్క్ మేనేజర్ అడ్మిన్ హక్కులతో నడుస్తుంది. మామూలు హక్కులతో నడిచే స్క్రిప్టుకి, అలాంటి విండో యాక్టివ్‌గా ఉన్నప్పుడు కొట్టిన కీలు అందవు. అది భద్రత కోసం పెట్టిన అడ్డు. స్క్రిప్టుని కూడా అడ్మిన్‌గా నడిపితే పనిచేస్తుంది గానీ, ఈ ఒక్కదాని కోసం అది వద్దనే నా సలహా. ఆ సమయంలో విండోస్ కీ + నంబరు కొట్టి బయటికి రండి. అది సిస్టమ్ సొంత షార్ట్‌కట్ కాబట్టి టాస్క్ మేనేజర్ ముందున్నా పనిచేస్తుంది.