13 లక్షల్లో ఐదుగురు మనుషులు, రెండు సైకిళ్లు: ఏ ఎస్‌యూవీ?

పెడల్_మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. ఆదివారం పొద్దున్నే బాబూ నేనూ సైకిళ్లేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్‌కి పోతాం. నెలకోసారి అనంతగిరి కొండలైనా భువనగిరి కోటైనా ఎక్కుతాం. ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి దగ్గర మా అత్తగారి ఊరు. ఇప్పుడున్న పాత హ్యాచ్‌బ్యాక్‌లో సైకిల్ పెడితే మనుషులు పట్టరు, మనుషులెక్కితే సైకిల్ పట్టదు. ట్యాక్సులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఆన్‌రోడ్ 13 లక్షలు దాటకూడదు. టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, మహీంద్రా 3ఎక్స్‌ఓ చూశాను. హ్యుందాయ్ క్రెటా మీద మనసుంది కానీ జేబు ఒప్పుకోవట్లేదు. ఏది తీసుకోమంటారు?

ఘాట్‌రోడ్డు_శీను:
నెక్సాన్ తీసుకోండి, ఇంకేం చూడొద్దు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ, 208 మిల్లీమీటర్లు. బ్రెజాకి 198, మీ మనసు పడ్డ క్రెటాకి 190. మారేడుమిల్లి వైపు మెయిన్ రోడ్డులో తేడా తెలియదు, దిగి పక్క ఊళ్లలోకి తిరిగితే తెలుస్తుంది. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ల క్రాష్ భద్రతా పరీక్షలో ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి ఇండియన్ కారు కూడా అదే. డిక్కీ 382 లీటర్లు. ఇందులో చర్చించడానికి ఏముంది?

లెక్కల_రావు:
చాలా ఉంది. ఆయన ఏ ఎస్‌యూవీ అంటున్నారు, నేను అసలు ఎస్‌యూవీ ఎందుకంటున్నాను. నాలుగు లక్షలు చేతినుంచి పెట్టి తొమ్మిది లక్షలు లోను తీసుకున్నారనుకోండి. 9 శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకి సుమారు 14,480. మొత్తం కట్టేది 12 లక్షల 16 వేలు. వడ్డీకే మూడు లక్షల పైన! అత్తగారి ఊరికి ఏడాదికి రెండుసార్లు ఇన్నోవా మాట్లాడుకుని దర్జాగా వెనక సీట్లో నిద్రపోతూ వెళ్లొచ్చు. ఆదివారం సైకిల్ తొక్కడానికి సైకిల్ చాలు, దానికి ఎస్‌యూవీ దేనికి?

మౌనిక్_బీహెచ్ఈఎల్:
పాత రెనో డస్టర్‌ని 2022లో ఆపేయకపోయి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు 😢

బానెట్_బాబాయ్:
శీనూ, నువ్వు చెప్పిన 208 ఖాళీ కారుకి. ఐదుగురెక్కి, డిక్కీలో బియ్యం మూట, పచ్చడి జాడీలు పెట్టుకుని అత్తగారి ఊరినుంచి తిరిగొచ్చేటప్పుడు అంత ఉండదు. స్ప్రింగులు కిందికి దిగుతాయి. అన్ని కార్లకీ ఇంతే.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది కదా. నాలుగు మీటర్లలోపు పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం. బ్రెజా నాలుగు మీటర్లలోపే కానీ దాని పెట్రోలు ఇంజను 1462 సీసీ. కాబట్టి 40 శాతం స్లాబు. నెక్సాన్‌కీ 3ఎక్స్‌ఓకీ 18 పడుతుంది. మాస్టారూ, కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఘాట్‌రోడ్డు_శీను:
అన్ని కార్లూ దిగుతాయి కదా బాబాయ్, అప్పుడూ నెక్సానే పైన ఉంటుంది. పది మిల్లీమీటర్లు చిన్న విషయం కాదు.

లెక్కల_రావు:
పది మిల్లీమీటర్లంటే నా చిటికెన వేలి మందం. దానికోసం ఏడేళ్ల ఈఎంఐ!

ఘాట్‌రోడ్డు_శీను:
రావు గారూ, మీరు ప్రతి కారు చర్చలోకీ వచ్చి కొనొద్దనే అంటారు. మిమ్మల్ని పెళ్లిచూపులకి తీసుకెళ్తే పెళ్లెందుకంటారు.

లెక్కల_రావు:
మీరు నెక్సాన్ తప్ప ఇంకో పేరు చెప్పిన పాపాన పోలేదు. అమ్మినందుకు కమీషనేమైనా వస్తోందా?

ఘాట్‌రోడ్డు_శీను:
కమీషనా? సరే, చెప్తా వినండి. నాలుగేళ్ల కిందట నా దగ్గర ఒక సెడాన్ ఉండేది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. నాన్నని తీసుకుని రంపచోడవరం దాటి చుట్టాల ఊరు వెళ్తుంటే మట్టిరోడ్డులో లేచి ఉన్న రాయి అడుగున కొట్టింది. ఇంజను కింద ఆయిల్ ఉండే సంపు పగిలింది. నల్లగా ధార కట్టి కారిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఫోను సిగ్నల్ లేదు. ఐదు గంటలు. నాన్నకి షుగరు. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. ఆ దారిన పోతున్న ఒకావిడ సంచీలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది. ఆ రాయి ఎంత ఎత్తుందో నేను కొలవలేదు. పది మిల్లీమీటర్ల తేడాతోనే కొట్టి ఉండొచ్చు, యాభై కావచ్చు. చిటికెన వేలంటూ వెటకారాలు నా దగ్గర వద్దు.

లెక్కల_రావు:
మీ నాన్నగారి సంగతి తెలియదు శీనూ. వెటకారం వెనక్కి తీసుకుంటున్నాను.

నా సంగతీ చెప్తాను. నేనూ "పిల్లలతో కొండలు తిరుగుదాం" అనే పెద్ద ఎస్‌యూవీ కొన్నాను. రెండో ఏడాది ఉద్యోగం పోయింది. పద్నాలుగు నెలలు కారు సెల్లార్‌లో కవరు కప్పుకుని పడుకుంది. ఈఎంఐ మాత్రం ప్రతి 5వ తారీఖు పొద్దున తొమ్మిదింటికల్లా లేచి కూర్చునేది. పాప స్కూలు ఫీజుకి మా బావమరిదిని అడగాల్సి వచ్చింది. ఏడాదికి పది రోజుల సరదా కోసం మిగతా 355 రోజులు భయంతో బతకడం నేను చూశాను. అందుకే అడ్డం పడతాను.

ఘాట్‌రోడ్డు_శీను:
ఆ పది రోజుల్లో ఒక రోజే నాది. కారు ఆ రోజు కోసమే కొనాలి అంటాను నేను.

సుజాత_హనుమకొండ:
ఇంతసేపూ చదువుతున్నాను. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు: మాస్టారు గారూ, ఆ కారు రోజూ నడిపేది ఎవరు?

మా ఇంట్లో కారు మావారి పేరున ఉంది, స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది. ఆయన స్నేహితులతో మాట్లాడుకుని ఎత్తయిన పెద్ద బండి తెచ్చారు. మా అత్తయ్యకి మోకాళ్లు అరిగిపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే వంటింట్లో కూర్చునే పీట డిక్కీలో పెట్టుకెళ్లాలి. పీట వేసి, ఆవిడ ఒక కాలు పైన పెట్టి, నా భుజం పట్టుకుని, "అమ్మా, నారాయణా" అంటూ ఎక్కేలోపు వెనక ఆటోవాళ్లు హారన్లు. అలాగని మరీ కిందికి ఉండే కారైతే లేవడం అంతకన్నా కష్టం. కుర్చీలో కూర్చున్నట్టు నడుము పక్కకి జరిపితే సీటు అందాలి. ఆ ఎత్తు ఏ బ్రోషర్‌లోనూ రాయరు. అమ్మగారిని షోరూముకి తీసుకెళ్లండి.

బానెట్_బాబాయ్:
మంచి మాట చెప్పావమ్మా. సైకిల్ కూడా తీసుకెళ్లండి మాస్టారూ. లీటర్లని నమ్మొద్దు.

పెడల్_మాస్టారు:
సుజాత గారూ, మీ ప్రశ్న చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను. నేను ఆఫీసుకి మెట్రోలో పోతాను. పిల్లల్ని దింపడం, అమ్మకి ఫిజియోథెరపీ, కూరగాయలు, అన్నిటికీ కారు తీసేది మా ఆవిడే. తనని అడిగాను. "ఇప్పుడు అడిగావా" అంది. తనకి కావాల్సింది ఆటోమేటిక్. కేపీహెచ్‌బీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి ఎడమ మోకాలు తనకీ మొదలైందట. నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

లెక్కల_రావు:
ఆటోమేటిక్ అంటే ఇంకో లక్ష పైన. నేను ముందే చెప్పాను.

సుజాత_హనుమకొండ:
మోకాలి ఆపరేషన్‌కి ఎంతవుతుందో కూడా లెక్క కట్టండి రావు గారూ.

బానెట్_బాబాయ్:
ఆటోమేటిక్‌లో రకాలున్నాయి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్చూ గేర్లూ కారే మారుస్తుంది, చవక. కానీ గేరు మారేటప్పుడు చిన్న కుదుపుంటుంది, ఘాట్‌లో ఇంకొంచెం తెలుస్తుంది. బ్రెజాలోనూ 3ఎక్స్‌ఓ పెట్రోల్‌లోనూ టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ ఉంది, మెత్తగా పోతుంది. నెక్సాన్‌లో ఏఎంటీ, రెండు క్లచ్‌లుండే డీసీటీ రెండూ ఉన్నాయి. మాస్టారూ, మీరు కాదు, కోడలు నడిపి చూడాలి.

పెడల్_మాస్టారు:
నిన్న అందరం వెళ్లాం. సైకిల్ కూడా తీసుకెళ్తే సేల్స్ కుర్రాడు మమ్మల్ని వింతగా చూశాడు. బాబాయ్ చెప్పింది నిజం. ముందు చక్రం తీసేసినా నా సైకిల్ నాలుగున్నర అడుగులుంది. ఏ కారు డిక్కీలోనూ అడ్డంగా పట్టలేదు. వెనక సీటు మడిస్తే పడుతుంది, అప్పుడు అమ్మా పాపా ఎక్కడ కూర్చోవాలి? బ్రెజా 328 లీటర్లైనా నెక్సాన్ 382 లీటర్లైనా మా ఇంటికి ఒకటే. వెనక డోరుకి తగిలించే క్యారియర్ విడిగా కొనడమే దారి. ఆ మాటకొస్తే పాత కారుకీ తగిలించొచ్చు అంది మా ఆవిడ. రావు గారికి సంతోషమే కదా.

3ఎక్స్‌ఓ, బ్రెజా రెండూ ఆటోమేటిక్‌లో తనే నడిపింది. ఇంకా తేల్చుకోలేదు. అమ్మ మాత్రం బ్రెజాలో పీట లేకుండా, ఎవరి భుజం పట్టుకోకుండా కూర్చుంది. కాసేపయ్యాక ఇక దిగమ్మా అంటే, "ఉండరా, ఏసీ బాగుంది" అంది.

ఘాట్‌రోడ్డు_శీను:
బ్రెజా 198 మాస్టారూ. మళ్లీ చెప్పలేదనొద్దు.