కార్బన్ క్రెడిట్ల ఒప్పందం: గ్రామసభ సంతకానికి ముందు ఏం చూడాలి?

ప్రశ్న: ఏజెన్సీలో గూడెం చుట్టూ ఉన్న అడవిని కాపాడితే, దానివల్ల వచ్చే కార్బన్ క్రెడిట్లు (చెట్లు పట్టి ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కగట్టి అమ్మే యూనిట్లు) అమ్మి డబ్బులిస్తామని ఒక కంపెనీ 30 ఏళ్ల ఒప్పందం తెచ్చింది. కొందరికి పోడు పట్టాలున్నాయి. అవి సరిపోతాయా?

జవాబు: సరిపోవండి. పోడు పట్టా సాగుభూమికే. అడవిని కాపాడే, నిర్వహించే అధికారం కావాలంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు రావాలి. దరఖాస్తు ఫారం-సి. గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. వాగులు, గుట్టల వెంట సరిహద్దు నడిచేటప్పుడు పక్క గూడెం పెద్దల్నీ తీసుకెళ్లండి. తర్వాత తగాదా వస్తే మొత్తం ఆగిపోతుంది.

జవాబు: క్రెడిట్ల లెక్క కూడా తెలియాలి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీస్తారు. టన్ను ఎండు కలపలో కార్బన్ సుమారు 0.47 టన్ను, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44/12తో హెచ్చిస్తే సుమారు 1.7 టన్నులు. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కో క్రెడిట్. అయితే ఉన్న చెట్లన్నిటికీ రావు, ప్రాజెక్టు వల్ల అదనంగా నిలిచినదానికే వస్తాయి. కార్చిచ్చు లాంటి నష్టాల కోసం అందులోనూ కొంత పక్కన పెడతారు. 'ఎకరానికి ఇంత' అని ముందే చెప్పేవాళ్లను నమ్మొద్దు.

జవాబు: గూడేనికిచ్చే వాటా క్రెడిట్ల అమ్మకం ధర మీదా, 'ఖర్చులు పోగా' మిగిలినదాని మీదా? రెండోదైతే సర్వే, ఆడిట్, రిజిస్ట్రేషన్ ఖర్చులే ముందు తినేస్తాయి. ఇప్పపువ్వు, అడ్డాకులు, వంటచెరకు, పశువుల మేత ఆపబోమని పేరుపేరునా రాయించండి. ఒప్పందం కువి భాషలోనో కోయ భాషలోనో చదివి వినిపించాకే తీర్మానం.