ఫస్ట్ గ్రేడ్ పాపకు హోమ్‌స్కూలింగ్ కరికులం: ఏ లెవెల్ నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ ఆగస్టు చివరలో ఆరేళ్ళు నిండుతాయి. ఇక్కడ సెప్టెంబరు 1 నాటి వయసును బట్టి తరగతి నిర్ణయిస్తారు కాబట్టి లెక్క ప్రకారం తను ఫస్ట్ గ్రేడ్‌లోకి వస్తుంది, అయితే ఆ తరగతి పిల్లల్లో దాదాపు అందరికన్నా చిన్నది అవుతుంది. కిండర్‌గార్టెన్ బడిలోనే పూర్తి చేసింది. ఈ ఏడాది నుంచి ఇంట్లోనే చదివించాలని మావారూ నేనూ నిర్ణయించుకున్నాం.

అన్ని సబ్జెక్టులూ కలిపి ఒకే పెట్టెలో వచ్చే కరికులం ఒకటి చూసి పెట్టుకున్నాను, కానీ గ్రేడ్ 1 సెట్టు కొనాలా, గ్రేడ్ 2 సెట్టు కొనాలా అన్నది తేలడం లేదు. పాప అధ్యాయాలుగా ఉండే చిన్న కథల పుస్తకాలు తనంతట తానే చదువుకుంటుంది. రెండంకెల కూడికలు కాగితం మీద చేసేస్తుంది. పెన్సిల్ పట్టుకుంటే మాత్రం రెండు వాక్యాలకే చెయ్యి నొప్పి అంటుంది, చిన్న 'బి', 'డి' అక్షరాలను ఇప్పటికీ తారుమారు చేస్తుంది. గ్రేడ్ 1 పాఠాలు తనకు మరీ తేలికగా కనిపిస్తున్నాయి, గ్రేడ్ 2 సెట్టు చూస్తే మొదటి నెలలోనే పేరాగ్రాఫులు రాయమంటోంది. ఊళ్ళో ఉన్న మా నాన్నగారేమో తెలివైన పిల్లను కింది తరగతిలో ఎందుకు కూర్చోబెడతావు, ఒక క్లాసు ముందుకే వెయ్యి అంటున్నారు. రెండు మూడేళ్ళలో హైదరాబాద్ తిరిగి వెళ్ళే ఆలోచన కూడా ఉంది కనుక, ఇప్పుడు తక్కువ లెవెల్ ఎంచుకుంటే అక్కడ చేరేటప్పుడు ఇబ్బంది అవుతుందేమోనన్న భయం ఉంది. ఇంట్లో చదివిస్తున్నవారు మీరు దీన్ని ఎలా నిర్ణయించుకున్నారో చెప్పగలరా?

సమాధానం (నార్త్ కరోలినా)

నమస్కారమండీ. నేను కొన్నేళ్ళు ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పి, ఇప్పుడు మా ఇద్దరు పిల్లలనూ ఇంట్లోనే చదివిస్తున్నాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఒకే అంకె వేసిన పెట్టె మీ పాపకు సరిపోదు. చదవడం, రాయడం, లెక్కలు మూడూ సమానంగా నడుస్తున్న పిల్లను మనసులో పెట్టుకుని అలాంటి సెట్టు తయారుచేస్తారు. ఆరేళ్ళ వయసులో ఆ మూడూ ఒకే మెట్టు మీద ఉన్న పిల్లలు చాలా అరుదు. కాబట్టి గ్రేడ్ అన్న మాటను కాసేపు పక్కన పెట్టి, ఒక్కొక్క సబ్జెక్టుకు విడిగా లెవెల్ చూడండి.

ముందు చదవడం సంగతి. కథ అర్థం చేసుకోవడం ఒక శక్తి, అక్షరాలను ధ్వనులుగా మార్చి పదాన్ని పలకడం మరొక శక్తి. జ్ఞాపకశక్తి బాగా ఉన్న పిల్లలు ఎక్కువ పదాలను చూసిన గుర్తుతో చదివేస్తారు, మిగిలినవాటిని బొమ్మను బట్టి, కథను బట్టి ఊహిస్తారు. అది పైకి కనిపించదు. అందుకని భాషలో లేని పదాలు కొన్ని ఇంగ్లీషు అక్షరాలలో రాసి చదివించండి: 'వెమ్', 'షెగ్', 'థ్రెమ్', 'ప్లోక్' లాంటివి. వీటిని గుర్తుతో చదవడం కుదరదు కనుక పాపకు ఫోనిక్స్, అంటే అక్షరాల ధ్వనులు కలిపి పదం పలకడం, ఎంతవరకు వచ్చో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. 'ఆల్ అబౌట్ రీడింగ్' లాంటి కార్యక్రమాల్లో లెవెల్ 1 అంటే ఫస్ట్ గ్రేడ్ అని అర్థం కాదు. అందులో ప్రధానంగా హ్రస్వ అచ్చులు, 'ష్', 'థ్', 'చ్' ధ్వనులకు రాసే జంట అక్షరాలు, వరుసగా వచ్చే హల్లులు ఉంటాయి, పదం చివర పలకని 'ఈ' అక్షరం సంగతి లెవెల్ 2లో వస్తుంది. ఏ లెవెల్ కొనాలో తేల్చుకోవడానికి ప్లేస్‌మెంట్ టెస్టులు వారి వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. స్పెల్లింగ్‌ను మాత్రం చదువుతో ముడిపెట్టకండి. గలగలా చదివే పిల్లలు కూడా స్పెల్లింగ్ మొదటి పాఠం నుంచే ప్రారంభించడం మామూలే.

లెక్కల్లో ఇంకా జాగ్రత్త అవసరం. ఇక్కడి మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఇంట్లో చేయించిన అభ్యాసం వల్ల పెద్ద పెద్ద కూడికలు వేగంగా చేస్తారు. అది మంచిదే, అయితే దాని వెనక అర్థం ఉందో లేదో వేరుగా చూడాలి. 34కు 28 కూడమని, పైన వేసిన ఒకటి ఎంత అని అడగండి. 'పది' అంటే పదుల స్థానం తనకు అర్థమైనట్టు, 'ఒకటి' అంటే పద్ధతి మాత్రమే వచ్చినట్టు. తరువాత 8కి 5 కలిపితే ఎంతో అడిగి, జవాబు విన్నాక ఎలా వచ్చిందో చెప్పించండి. ఎనిమిదికి రెండు కలిపి పది చేసి, మిగిలిన మూడు చేర్చిందా, లేక తొమ్మిది, పది, పదకొండు అంటూ లెక్కపెట్టిందా? చాలా రాష్ట్రాలు పాటించే కామన్ కోర్ ప్రమాణాలు గానీ, వాటిని తీసుకోకుండా టెక్సాస్ సొంతంగా పెట్టుకున్న టీక్స్ ప్రమాణాలు గానీ ఫస్ట్ గ్రేడ్‌లో ముఖ్యంగా కోరేది 20 లోపు కూడికలు, తీసివేతలు, 120 వరకు లెక్కపెట్టడం, పదులు, ఒకట్ల అవగాహన. చూడడానికి చిన్నదే, కానీ తరువాతి లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

సింగపూర్ పద్ధతిలోని 'డైమెన్షన్స్ మ్యాథ్' 1ఏ పుస్తకం (ఫస్ట్ గ్రేడ్ మొదటి సగానిది, రెండో సగానిది 1బి) పది వరకు అంకెలతో మొదలవడం చూసి, ఇది మా పిల్లకు ఎప్పుడో వచ్చు అని పక్కన పెట్టేసే తల్లిదండ్రులు ఎక్కువ. నిజానికి సంఖ్యను విడగొట్టి కలిపే అలవాటు ఆ పుస్తకంలోనే పడుతుంది. 'మ్యాథ్ యు సీ' అయితే తన పుస్తకాలకు తరగతి అంకె బదులు ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టింది. ఆల్ఫా ఒక అంకె కూడికలు, తీసివేతలది, బీటా అంతకన్నా పెద్ద సంఖ్యలది. పిల్ల వయసు ఎంతైనా తనకు రాని చోట నుంచి మొదలుపెట్టాలన్నది వారి ఉద్దేశం, ఆ ఆలోచన నాకు నచ్చుతుంది.

టెస్టు పెట్టేటప్పుడు పాపకు వచ్చిందని మీరు అనుకుంటున్న పుస్తకం చివరి పరీక్ష ఇవ్వండి. రెండు మూడు ఉదయాలుగా విడగొట్టి, ప్రశ్నలు మీరే పైకి చదివి వినిపించండి. అలా చేస్తే చదవడంలోని ఇబ్బంది లెక్కలకు అడ్డురాదు. మధ్యలో సాయం చేయకండి.

ఇక రాత. ఆలోచనను వాక్యంగా కూర్చడం వేరు, దాన్ని చేత్తో కాగితం మీద పెట్టడం వేరు. విన్న కథను పాప తన మాటల్లో చెబుతుంటే మీరు రాసుకోండి, అందులో నుంచి ఒక్క వాక్యం మాత్రం తనను చూసి రాయమనండి. అక్షరాలు తిరగబడడం ఏడేళ్ళ వరకు మామూలుగా కనిపించేదే కనుక, దాని కోసం మిగతా సబ్జెక్టుల లెవెల్ తగ్గించనక్కరలేదు. ఆ వయసు దాటాక కూడా తగ్గకపోతే నిపుణులకు చూపించండి. సైన్సుకు, చరిత్రకు ఈ వయసులో లెవెల్ గురించి ఆలోచించనే వద్దు. మంచి పుస్తకం తెచ్చి చదివి వినిపిస్తే చాలు.

సమాధానం (ఆస్టిన్, టెక్సాస్)

చట్టం విషయంలో మీకు దిగులు అవసరం లేదండీ. 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇక్కడ ఇంటి బడిని ప్రైవేటు బడిగానే పరిగణిస్తారు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం అనే ఐదు విషయాలను పుస్తకాలో వర్క్‌బుక్కులో వీడియోలో పెట్టుకుని నిజాయితీగా బోధించాలి, అంతే. మీ పాప ఏ లెవెల్ పుస్తకం చదువుతున్నదో ఎవరికీ తెలియజేయనక్కరలేదు. కిండర్‌గార్టెన్ బడిలో చదివింది కనుక, ఇకపై ఇంట్లో చదివిస్తున్నామని ఆ బడికి ఒక లేఖ పంపి మాన్పించండి. ఇదంతా టెక్సాస్‌కు వర్తించే సంగతి. న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో ఏటా ప్రణాళిక, మూడు నెలలకొకసారి నివేదిక ఇవ్వాల్సి ఉంటుంది, ఎప్పుడైనా వేరే రాష్ట్రానికి మారితే అక్కడి నియమాలు ముందే చూసుకోండి.

సబ్జెక్టుల వారీగా కొంటే ఖర్చు ఎక్కువవుతుందని భయపడకండి. ముందు నమూనా పేజీలు ముద్రించి పాపతో చేయించి చూడండి. వాడిన పుస్తకాలు ఇక్కడి కుటుంబాల దగ్గర తేలికగా దొరుకుతాయి. పెట్టె మొత్తం కొని సగం పక్కన పడేయడంకన్నా అదే చవక.

ప్రశ్న అడిగిన తల్లి

ఇంత ఓపికగా రాసినందుకు మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే పరీక్షించి చూశాను. లేని పదాలలో హ్రస్వ అచ్చులున్నవి తడబడకుండా చదివింది. రెండు అచ్చులు జంటగా వచ్చినవాటిలో మాత్రం ఆగిపోయింది, ఊహించి ఏదో చెప్పబోయింది. కథల్లో అవే జంటలున్న పదాలను గడగడా చదివే పిల్ల ఇక్కడ ఆగడం చూసి నాకు విషయం అర్థమైంది. 34, 28 కలిపి 62 అని వెంటనే రాసింది, పైన వేసింది ఎంత అంటే 'ఒకటి' అంది. 8కి 5 కలపమంటే బల్ల కింద వేళ్ళు లెక్కపెట్టింది.

ఇప్పుడు నా సందేహం ఒక్కటే. రెండంకెల కూడికలు చేసే పిల్ల ముందు పది లోపు అంకెల పుస్తకం పెడితే విసుగు పుట్టదా? తనకు ఏమీ రాదని నేను అనుకుంటున్నానని నొచ్చుకోదా?

సమాధానం (నార్త్ కరోలినా)

మీ సందేహం సరైనదేనండీ, అందుకే పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చేయించకండి. 1ఏలో సంఖ్యలను విడగొట్టే అధ్యాయం, 20 వరకు కూడిక, 20 లోపు తీసివేత, ఈ మూడింటి దగ్గర నిలవండి. ఆకారాలు, మొదటిది, రెండవది లాంటి వరుస సంఖ్యలు తనకు వచ్చి ఉంటే నోటితో అడిగి దాటేయండి. వర్క్‌బుక్కుతో కూడా మొదలుపెట్టనక్కరలేదు. ఐదేసి గడులు రెండు వరుసలుగా గీసి, చింతగింజలో పూసలో ఇచ్చి, ఎనిమిది పెట్టమనండి. పది నిండడానికి ఎన్ని కావాలో ఖాళీ గడులే తనకు చూపిస్తాయి. ఆ తరువాత ఐదు గింజలు ఇస్తే, రెండు గడుల్లో పెట్టి మూడు బయట ఉంచడం తనే కనుక్కుంటుంది.

అసలు సంగతి తీసివేతలో బయటపడుతుంది. 13లో నుంచి 8 తీసేయమంటే వెనక్కు లెక్కపెట్టే పిల్లలు మధ్యలో దారి తప్పుతారు. పదిలో నుంచి ఎనిమిది తీసి, మిగిలిన రెండుకు మూడు కలపడం వచ్చిన పిల్లకు సెకండ్ గ్రేడ్‌లో పెద్ద తీసివేతలు కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు, అదే ఆలోచన పెద్ద సంఖ్యలకు సాగుతుంది. వేళ్ళు లెక్కపెట్టడం తప్పేమీ కాదు, దయచేసి మందలించకండి. బల్ల కింద దాచుకోవాల్సిన అవసరం లేదని చెప్పండి. ఆ మూడు అధ్యాయాలూ గట్టిపడ్డాక 1బిలోకి ఆమె చాలా వేగంగా వెళుతుందని నా నమ్మకం.

చదువులో ఒక పూట ఫోనిక్స్ పాఠం చిన్నదిగా ఉంచి, అచ్చుల జంటలు ఉన్న చోట నుంచి మొదలుపెట్టండి. తను ఇష్టంగా చదువుకునే కథల పుస్తకాలను ఆపకండి, వాటి లెవెల్ ఎంతైనా ఉండనివ్వండి.

మొదలుపెట్టాక కూడా గమనిస్తూ ఉండండి. రోజూ కన్నీళ్ళు వస్తుంటే లెవెల్ ఎక్కువైంది, లేదా పాఠం పొడవైంది. ముందు పాఠం తగ్గించి చూసి, అప్పటికీ మారకపోతే లెవెల్ తగ్గించండి. ఆలోచించకుండా పేజీలు నింపేస్తుంటే ముందుకు జరపండి. ఏడాది మధ్యలో మార్చడానికి సంకోచించకండి.

సమాధానం (హైదరాబాద్)

అమెరికా నుంచి తిరిగివచ్చి ఇక్కడ పిల్లలను బడిలో చేర్చినవాళ్ళం కనుక ఆ ఒక్క విషయం చెబుతాను. విద్యాహక్కు చట్టం, 2009లోని 4వ సెక్షన్ ఆరేళ్ళు దాటి బడిలో లేని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చెబుతుంది. ప్రైవేటు బడులు ఏ పుస్తకం పూర్తయిందని కాకుండా పిల్లకు ఏం వచ్చో చూస్తాయి. చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9999 వరకు సంఖ్యలు రావాలి. మీరు అనుకుంటున్న దారిలో నడిస్తే లెక్కల్లో గానీ ఇంగ్లీషులో గానీ మీ పాప వెనకబడదు.

ఇబ్బంది అంటూ వస్తే తెలుగులో వస్తుంది. తెలంగాణలో 2018 నాటి చట్టంతో ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి సబ్జెక్టు అయింది, సీబీఎస్ఈ బడులకూ అది వర్తిస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా మూడో తరగతిలో ఒత్తులూ గుణింతాలూ ఒకేసారి ఎదురైతే కంగారుపడతారు. కాబట్టి మీ పట్టికలో తెలుగును కూడా ఒక సబ్జెక్టుగా పెట్టుకుని, దానికీ విడిగానే లెవెల్ చూడండి. ఇంగ్లీషు ఎంత బాగా చదివినా తెలుగులో అ, ఆల నుంచే మొదలుపెట్టాలి. అక్కడి పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడిలో బాలబడి, ప్రవేశం అనే మొదటి మెట్లు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నాయి, మీకు దగ్గరి డాలస్ ప్రాంతంలో ఆ తరగతులు జరుగుతుంటాయి. చెయ్యి నొప్పి అంటోంది కనుక మొదట్లో అక్షరాలను ఇసుకలోనో బియ్యప్పిండిలోనో వేలితో దిద్దించండి, పెన్సిల్ తరువాత ఇవ్వవచ్చు.