వైఫై కార్డ్ లినక్స్‌లో పనిచేయకపోతే డ్రైవర్‌తో కుస్తీ పట్టాలా, కార్డే మార్చేయాలా?

తూనీగ:
అందరికీ నమస్తే. ఒక విషయంలో మీ అభిప్రాయం కావాలి, కారణంతో సహా చెప్తే ఇంకా మంచిది. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేశాను, సౌండు, టచ్‌ప్యాడు, బ్రైట్‌నెస్సు అన్నీ వెంటనే పనిచేశాయి, వైఫై ఒక్కటే రాలేదు. లోపలున్న కార్డ్‌ల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి ఎన్ఎన్ తగిలించి కొడితే బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని, పక్కన దాని ఐడీ 14ఈ4:4365 అని వచ్చింది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఆ నెట్‌తో అడిషనల్ డ్రైవర్స్‌లోకి వెళ్ళి ప్రొప్రైటరీ డ్రైవర్ (కంపెనీ సొంతంగా ఇచ్చేది) ఎక్కిస్తే వైఫై వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు కెర్నల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్ పడింది, రీస్టార్ట్ చేస్తే వైఫై ఐకానే లేదు. ఇప్పుడు ఒకాయనేమో ఆ కార్డ్ పీకేసి ఇంటెల్‌ది పెట్టుకో అంటాడు, ఇంకొకాయనేమో బాగున్న వస్తువుని పారేయడమేంటి, డ్రైవర్ సరిచేసుకో అంటాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి లినక్స్ వాడుతున్నవాళ్ళే. ఎవరి మాట వినాలి?

మరమేకు:
మార్చెయ్ బ్రో, ఈ చిప్ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అన్ని కార్డ్‌లకీ ఇదే చెప్పను, దీనికి మాత్రం గట్టిగా చెప్తా. కెర్నల్‌తో పాటు వచ్చే, సోర్స్ కోడ్ అందరూ చూడగలిగే ఓపెన్ డ్రైవర్లు బీ43 గానీ బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్ గానీ 43142ని పట్టించుకోవు. మిగిలింది నువ్వు ఎక్కించిన బ్రాడ్‌కామ్ సొంత డ్రైవర్ డబ్ల్యూఎల్ ఒక్కటే. దాని అసలు గుండెకాయ ముందే కంపైల్ చేసి ఇచ్చిన బైనరీ, లోపల ఏముందో బయటవాళ్ళెవరూ చూడలేరు, చుట్టూ ఉన్న కాస్త కోడ్‌ని మాత్రం డీకేఎంఎస్ అనే టూల్ ప్రతి కొత్త కెర్నల్‌కీ మళ్ళీ కంపైల్ చేస్తుంది. కంపెనీ వదిలిన ఆఖరి వెర్షన్ 6.30.223.271, అది 2015 నాటిది. ఆ తర్వాత కెర్నల్ లోపల ఎన్ని మారాయో లెక్కేలేదు, మారినప్పుడల్లా ఉబుంటు వాళ్ళో డెబియన్ వాళ్ళో ప్యాచ్ వేస్తేనే అది బతుకుతోంది. వాళ్ళు ఓపిక పట్టినన్నాళ్ళే నీ వైఫై.

ఇంకోటి, 2019లో ఇదే డబ్ల్యూఎల్‌లో హీప్ ఓవర్‌ఫ్లో అనే సెక్యూరిటీ లోపాలు (మెమరీలో ఇచ్చిన చోటు దాటి రాసేసేవి) బయటపడ్డాయి, సీవీఈ-2019-9501, 9502 అనే నంబర్లతో వెతుక్కో. గాల్లోంచి వచ్చే ప్యాకెట్‌ని కెర్నల్ లోపల కూర్చుని చదివే కోడ్ అది. అలాంటిదాన్ని మూసిపెట్టి, పదేళ్ళుగా కొత్త వెర్షన్ ఇవ్వకపోతే నేనైతే నమ్మలేను.

పాతపెట్టె:
మరమేకు గారు చెప్పిన వాస్తవాలు నిజమే, కానీ ముగింపు దగ్గర నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. కెర్నల్ అప్‌డేట్ తర్వాత డబ్ల్యూఎల్ పోయిందంటే డ్రైవర్ చచ్చిపోయిందని కాదండీ, చాలాసార్లు కారణం చాలా చిన్నది. కొత్త కెర్నల్‌కి సరిపడా హెడర్స్ ప్యాకేజీ (డ్రైవర్ కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైల్స్) లేదనుకోండి, డీకేఎంఎస్ దేంతో కంపైల్ చేస్తుంది? లేదా నమ్మకమైన సంతకం లేని కోడ్‌ని ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి ఎమ్ఓకే (ఆ సంతకానికి తాళంచెవి) ఎన్‌రోల్ చేయమని అడిగితే కంగారులో కంటిన్యూ నొక్కేశారు, ఇక సంతకం చెల్లక డ్రైవర్ మాడ్యూల్ లోడ్ అవదు. ఈ రెండూ చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నాకు నచ్చదు. పైగా ఉబుంటు ఎల్‌టీఎస్‌లో (ఎక్కువ ఏళ్ళు సపోర్ట్ ఉండే వెర్షన్) మధ్యమధ్యలో కొత్త వెర్షన్‌కి మారే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ కాకుండా మొదట్లో వచ్చిన జీఏ కెర్నల్ మీదే ఉండిపోతే ఈ తలనొప్పి బాగా తగ్గుతుంది.

కార్డ్ మార్చడం అంత తేలికని ఎవరన్నారు? కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో వైట్‌లిస్ట్ ఉంటుంది, వాళ్ళు అనుమతించిన కార్డ్ తప్ప వేరేది పెడితే బూట్ అవకుండా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కొన్నిట్లో చిప్ బోర్డుకే సోల్డర్ చేసేసి ఉంటుంది. పాత మినీ పీసీఐఈ స్లాట్ కార్డ్‌ల యాంటెన్నా కనెక్టర్ ఒక సైజు, కొత్త రకం ఎమ్.2 స్లాట్ కార్డ్‌లది అంతకంటే చిన్నది, ఒకదాని కేబుల్ ఇంకోదానికి కూర్చోదు. ఇంటెల్‌లో ఏఎక్స్201, ఏఎక్స్211 లాంటివి సీఎన్‌వీఐ రకం, సగం పని ప్రాసెసర్ వైపే ఉంటుంది కాబట్టి దానికి తగ్గ ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లో తప్ప పనిచేయవు. పేరు చూసి కొని, స్లాట్‌లో పట్టింది కదా అని బిగించి, కార్డే కనపడట్లేదని వచ్చినవాళ్ళని బోలెడుమందిని చూశా.

మరమేకు:
అందుకే ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ తీసుకోమంటాం, అవి మామూలు పీసీఐఈ, ఏఎమ్‌డీ మెషీన్‌లో కూడా నడుస్తాయి, మొదటిదానికి కెర్నల్ 5.1, రెండోదానికి 5.10 ఉంటే చాలు. మినీ పీసీఐఈ స్లాట్ అయితే ఇంటెల్ 7260లో ఆ సైజుది కూడా ఉంది. వైట్‌లిస్ట్ సంగతి కొనేముందే మోడల్ పేరుతో వెతికి తెలుసుకోవచ్చు. నా లెక్క ఒక్కటే: డ్రైవర్ కెర్నల్ లోపల ఉందా, బయట ఉందా? లోపల ఉంటే ఎంతసేపైనా కుస్తీ పట్టు, ఇవాళ నువ్వు రిపోర్ట్ చేసిన బగ్ రేపు అందరికీ బాగవుతుంది. బయట ఉంటే నువ్వు పడే కష్టమంతా తర్వాతి అప్‌డేట్‌తో మళ్ళీ మొదటికొస్తుంది.

సున్నాఒకటి:
ఇక్కడ ఇద్దరూ వాడేవాడి నెత్తినే భారం వేస్తున్నారు, తయారీదారు గురించి ఒక్క మాట లేదు. అథెరోస్ 2008లో ఏటీహెచ్9కే డ్రైవర్ సోర్స్‌తో సహా ఇచ్చింది, ఆ పీసీఐఈ కార్డ్‌లకి విడిగా ఫర్మ్‌వేర్ ఫైల్ (కార్డ్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) కూడా అక్కర్లేదు, ఏఆర్9285 లాంటివి ఇప్పటికీ ఏ డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకం) వేసినా మారు మాట్లాడకుండా పనిచేస్తాయి. బ్రాడ్‌కామ్ కూడా 2010లో ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది, కానీ కొన్ని చిప్‌లకే. అంటే చేతకాక కాదు, మిగతావాటికి ఇవ్వదల్చుకోలేదు.

డ్రైవర్‌కీ ఫర్మ్‌వేర్‌కీ తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇంటెల్ డ్రైవర్ ఓపెనే, ఫర్మ్‌వేర్ మాత్రం మూసినదే, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో వస్తుంది. అది లేకపోతే ఇంటెల్ కార్డ్ కూడా దండగే. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో ఏళ్ళ తరబడి ఆ ఫైల్స్ ఉండేవి కావు, 2022లో ఓటింగ్ పెట్టుకుని ఒప్పుకున్నారు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అఫీషియల్ ఇమేజ్‌లోనే ఇస్తున్నారు. నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. వైఫై ఫర్మ్‌వేర్ తెచ్చుకోడానికి వైఫై కావాలంటే కొత్తగా వచ్చినవాడు ఏం చేస్తాడు? కాబట్టి నా మాటేంటంటే, కొనేటప్పుడే చిప్ చూసి కొనండి, అది తప్ప కంపెనీలకి అర్థమయ్యే భాష లేదు.

మరమేకు:
కొనేటప్పుడు చూడమంటే ఎలా చూస్తాడు? స్పెసిఫికేషన్‌లో 802.11ఎన్ అని వైఫై రకం రాస్తారు తప్ప చిప్ పేరు రాయరు. ఒకే మోడల్‌లో ఒక బ్యాచ్‌కి ఇంటెల్, ఇంకో బ్యాచ్‌కి రియల్‌టెక్ వేసి అమ్ముతారు.

రాత్రిడ్యూటీ:
మార్చాలా వద్దా అనేదానికంటే ముందు, తప్పు ఎక్కడుందో తేల్చుకోకుండా ఏదీ చేయకూడదు అంటాను నేను. ఒక ల్యాప్‌టాప్ నా చేతికొచ్చింది, అందులో రియల్‌టెక్ 8723బీఈ. డ్రైవర్ లోడ్ అయింది, నెట్‌వర్క్ పేర్లు కనిపిస్తున్నాయి, రౌటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ మైనస్ 85 డీబీఎం (సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం) దగ్గర కొట్టుకుంటోంది, గది దాటితే అసలే లేదు. కార్డ్ పోయింది, మార్చెయ్ అని అందరూ తీర్మానించారు. తీరా కింద మూత తీసి చూస్తే కార్డ్ మీద రెండు కనెక్టర్లున్నాయి, కంపెనీ వాళ్ళు యాంటెన్నా కేబుల్ ఒక్కటే ఇచ్చారు, డ్రైవర్ ఏమో కేబుల్ లేని రెండో దాని మీద వింటోంది. డ్రైవర్ సెట్టింగులు రాసే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్‌లో ఆ మాడ్యూల్‌కి యాంట్_సెల్=2 అని ఒక్క లైన్ రాసి రీస్టార్ట్ చేస్తే సిగ్నల్ మైనస్ 45కి వచ్చింది. కొందరికి 1 పెడితే వస్తుంది, రెండూ చూడాలి.

అలాగే వైఫైని ఏదైనా ఆపేసి ఉంచిందేమో చెప్పే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కమాండ్ కొట్టి చూడండి. హార్డ్ బ్లాక్‌డ్ యెస్ అని ఉంటే పక్కన స్విచ్చో, ఫంక్షన్ కీనో, లేదా ఆ ల్యాప్‌టాప్ బ్రాండ్‌కి సంబంధించిన ప్లాట్‌ఫామ్ మాడ్యూలో అడ్డం పడుతోందన్నమాట, అప్పుడు ఏ కార్డ్ పెట్టినా అదే కథ. విండోస్ కూడా ఉంచుకున్నవాళ్ళు ఫాస్ట్ స్టార్టప్ ఆపండి, అది కార్డ్‌ని సరిగ్గా ఆఫ్ చేయకుండా వదిలేస్తే లినక్స్‌లోకి వచ్చాక లేవదు. కనెక్ట్ అయి మాటిమాటికీ పోతుంటే పవర్ సేవ్ ఆపి చూడండి.

తూనీగ:
అందరికీ థాంక్స్. చూశాను, ఆర్ఎఫ్‌కిల్‌లో బ్లాక్ ఏమీ లేదు. డీకేఎంఎస్ స్టేటస్ కొడితే పాత కెర్నల్ నంబర్ ఒక్కటే ఉంది, కొత్తది లేదు. సెక్యూర్ బూట్ ఆఫ్‌లోనే ఉంది.

పాతపెట్టె:
అయితే కొత్తదానికి అసలు బిల్డే జరగలేదు. లినక్స్-హెడర్స్-జెనెరిక్ అనే ప్యాకేజీ వేయండి, నంబర్ ఉన్నది కాదు, జెనెరిక్ అని ఉన్నదే, అదైతే ప్రతి అప్‌డేట్‌కీ హెడర్స్ తనే తెచ్చుకుంటుంది. తర్వాత డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఒకవేళ కంపైల్ ఎర్రర్ వస్తే మేక్ లాగ్ (కంపైల్ వివరాలుండే ఫైల్) ఇక్కడ పెట్టండి.

తూనీగ:
వచ్చేసింది! హెడర్సే లేవు.

మరమేకు:
సంతోషం బ్రో. అయినా నా మాట మీదే ఉంటా. ఆ చిప్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, ఒకేసారి ఒకే డేటా స్ట్రీమ్, కొత్త సెక్యూరిటీ పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టిన రౌటర్‌కి ఆ డ్రైవర్‌తో కనెక్ట్ అవలేవు. కొత్త డిస్ట్రోకి మారే రోజున మళ్ళీ ఇదే దగ్గరికి వస్తావ్.

పాతపెట్టె:
వచ్చినప్పుడు చూసుకుంటారు. అప్పటిదాకా బాగా పనిచేసేదాన్ని తీసి చెత్తలో వేయడానికి నాకు మనసొప్పదు, ఒక చిప్ తయారీకి ఎంత నీరు, ఎంత కరెంటు పోతాయో తెలిసినవాళ్ళెవరూ అలా అనరు.

రాత్రిడ్యూటీ:
తూనీగ గారూ, ఎప్పుడు మార్చాలనుకున్నా ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి మూత తీసి చూడండి. 43142కి ఒక్క యాంటెన్నా సరిపోతుంది కాబట్టి మీ స్క్రీన్ చుట్టూ ఒక్క వైరే లాగి ఉండొచ్చు, అప్పుడు ఏఎక్స్210 పెట్టినా సగం స్పీడే వస్తుంది, రెండోది విడిగా కొని లాగాలి. ఉన్న యాంటెన్నా కూడా 2.4కి మాత్రమే తయారుచేసిందైతే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగ్గా అందదు. బ్యాటరీ కనెక్టర్ తీశాకే కార్డ్ ముట్టుకోండి, యాంటెన్నా వైర్‌ని పక్కకి లాగకుండా నిటారుగా పైకి లేపండి. స్లాట్ ఏ రకమో, ఎన్ని వైర్లున్నాయో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ కార్డ్ పడుతుందో చెప్తాను.