ఉజ్జీవ సభలు పెట్టాలా, దేవుని సమయం కోసం ఎదురుచూడాలా?

బీడుభూమి (ప్రశ్న):
అందరికీ వందనాలు. మా సంఘంలో 120 మంది సభ్యులు. జనవరిలో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు (చల్లారిన విశ్వాసం మళ్లీ రగలాలని పెట్టే కూటాలు), అంతకుముందు 21 రోజులు ఉపవాస ప్రార్థన పెట్టాలని కాపరి గారి ఆలోచన. ఒక పెద్దాయన యోహాను 3:8 చూపించి, గాలి తనకిష్టమైన చోట విసురుతుంది, దానికి మనం తేదీ వేయడమేమిటి అంటున్నారు. ఇంకొకరు హోషేయ 10:12 చూపించి, బీడు దున్నకుండా నీతివర్షం కోసం ఆకాశం చూడడం సోమరితనం అంటున్నారు. ఇద్దరూ వాక్యం ఎరిగినవాళ్లే. మన పని ఎంతవరకు, దేవుని పని ఎక్కడినుంచి? సభలకు ముందూ తర్వాతా ఏం చేయాలో కూడా చెప్పండి.

గుండ్లకమ్మ_ఒడ్డు:
వందనాలు బ్రదర్. "ఇంతవరకు మనది, ఇక్కడినుంచి ఆయనది" అనే గట్టు బైబిల్లో కనిపించదు. ఫిలిప్పీ 2:12-13లో మీ రక్షణను కొనసాగించుకొనుడి అన్న వెంటనే, మీలో ఆ ఇచ్ఛను కలిగించేదీ దేవుడే అని పౌలు రాశాడు. అపొస్తలుల కార్యములు 27 కూడా చదవండి. పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కింది, ఎవరి ప్రాణమూ పోదని దేవుడు మాటిచ్చాడు. అయినా నావికులు పడవ దించుకుని జారుకోబోతుంటే, వీళ్లు ఓడలో ఉంటేనేగాని మీరు తప్పించుకోలేరని పౌలే శతాధిపతికి చెప్పాడు. మాట ఖాయమైంది కాబట్టే ఆ మాట నెరవేరే దారిని అతను కాపాడాడు.

మన ఒంగోలు చరిత్రలో ఇది ఇంకా స్పష్టంగా ఉంది. 1853లో తెలుగువాళ్ల మధ్య తాము నడుపుతున్న మిషన్‌ను మూసేద్దామా అని అమెరికా బాప్తిస్టులు చర్చించారు. 1854 జనవరి 1న ఆ మిషన్‌కు చెందిన జ్యువెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అదే మిషన్ మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడింది 1866లో. తర్వాత 1876-78 కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, పని దగ్గర బోధకులు వాక్యం చెప్పారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటికోసమా క్రీస్తుకోసమా అన్నది ఆ రోజుల్లో తేలదు కాబట్టి క్లౌ ఇవ్వలేదు, ఏడాదికి పైగా ఆపాడు. కరువు సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బోధకులు ఆరుగురు, నీళ్లలో ఒక్కసారికి ఇద్దరు.

ప్రార్థన, కూలి, బోధ, విచారణ అన్నీ మనుషులు చేసినవే. ఆ హృదయాలు మాత్రం ఎవరి చేతిలోనూ లేవు. చేతికొచ్చిన సంఖ్యను ఆపగలిగాడంటే క్లౌకు ఆ సంగతి తెలుసు. నాకు ఈ ఆపడమే అన్నిటికన్నా పెద్ద విశ్వాసంగా కనిపిస్తుంది.

పాత_చరిత్ర:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. మీ పెద్దలిద్దరి వాదన అమెరికాలో ఎడ్వర్డ్స్, ఫిన్నీ అనే ఇద్దరు పాతకాలపు ప్రసంగీకుల పేర్ల మీద చాలాకాలంగా నడుస్తున్నదే. ఇద్దరినీ సగమే చదివి వాదిస్తుంటారు.

జోనాథన్ ఎడ్వర్డ్స్ దేవుని సార్వభౌమత్వం (అంతా ఆయన చిత్తమే అన్న మాట) విషయంలో రాజీపడని మనిషి. 1734-35లో నార్తాంప్టన్‌లో ఆర్నెల్లలో సుమారు 300 మంది మారారని రాసి, అది ఆశ్చర్యకరమైన దేవుని కార్యమన్నాడు. అదే మనిషి 1740ల్లో, ఉజ్జీవం కోసం ఊళ్లన్నీ ఒప్పందంగా ప్రార్థించాలని పిలుపిచ్చాడు. చార్లెస్ ఫిన్నీ 1835లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఉజ్జీవం అద్భుతం కాదు, సాధనాలను (ప్రార్థన, బోధ లాంటివి) సరిగ్గా వాడితే వచ్చే ఫలితం అన్నాడు. కానీ దేవుని ఆశీర్వాదం లేకుండా విత్తనం మొలవనట్టే సాధనాలూ ఫలించవని అక్కడే చెప్పాడు. ఆ రెండో మాట వదిలేసినవాళ్ల చేతుల్లో అది ఒక పద్ధతిగా మిగిలింది: ఫలానా పాట, ఫలానా పిలుపు, పైకెత్తిన ఇన్ని చేతులు. ఫలితం రాకపోతే ఎవరో ఒకరి విశ్వాసం మీద నింద. ఫిన్నీలో నాకు అభ్యంతరం అక్కడే: ఫలితం గురించి ఆయన అంత ధీమాగా మాట్లాడకుండా ఉండాల్సింది.

మేడగది:
ఆచరణ సంగతి చెబుతాను. సభలు పెట్టండి. "ఈ మూడు రాత్రుల్లో ఉజ్జీవం దిగివస్తుంది" అని మాత్రం కరపత్రంలో వేయకండి, అది మనమిచ్చే మాట కాదు.

ఉపవాసం: రోజుకు ఆరుగురు చొప్పున పంచితే 21 రోజుల్లో 120 మందికీ ఒక్కో రోజు వస్తుంది. షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు భోజనం మానక్కర్లేదు, ప్రార్థనలో కూర్చుంటే చాలు.

సాయంత్రం ప్రార్థన గంట దాటొద్దు. 1857 సెప్టెంబరు 23న న్యూయార్క్ ఫుల్టన్ వీధిలో జెరెమయా లాన్‌ఫియర్ మొదలుపెట్టిన మధ్యాహ్న ప్రార్థనకు మొదటి రోజు ఆరుగురే వచ్చారు. అక్కడి నియమాలు ఇప్పటికీ పనికొస్తాయి: ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే, వివాదాస్పద విషయాలు ఎత్తకూడదు. మన దగ్గర ప్రార్థన కూటాలు పాడయ్యేది ఇక్కడే. ఒకరు ఇరవై నిమిషాలు ప్రార్థన పేరుతో ప్రసంగిస్తారు, మర్నాటినుంచి యువకులు రారు.

డబ్బంతా మైకులకూ షామియానాకూ బయటి ప్రసంగీకుడికీ పోయి, ఆయన వెళ్లిపోయాక కొత్తవాళ్లను పలకరించే మనిషే లేకపోవడం మరో పొరపాటు. ఇద్దరిద్దరుగా జట్లు ముందే వేసుకోండి. పేరు ఇచ్చినవాళ్ల ఇంటికి వారంలోపు వెళ్లాలి. బాప్తిస్మానికి ముందు కనీసం ఎనిమిది వారాలు బోధించండి, ఇంట్లోవాళ్లనూ అడగండి. తగాదా, అప్పు, తాగుడు, కులం పట్టింపు విషయంలో ఏమైనా మారిందా? చేతులెత్తినవాళ్ల లెక్క వేదిక మీద చెప్పొద్దు.

బీడుభూమి:
చాలా మేలు చేశారు. ఇంకో రెండు సందేహాలు. బహిరంగంగా పాపాలు ఒప్పుకోనివ్వాలా? మూడు రాత్రులూ ఏమీ జరగకపోతే?

మేడగది:
ఒప్పుకోలు ఎవరి మీద తప్పు చేశామో వాళ్ల దగ్గర. సంఘానికి తెలిసిన పాపమైతే సంఘం ముందు. ఇతరుల పేర్లు, వ్యభిచార వివరాలు మైకులో మొదలైతే కాపరి గారు వెంటనే ఆపి పక్కకు తీసుకెళ్లాలి, లేకపోతే ఒకరి ఒప్పుకోలుతో ఇంకొకరి కాపురం కూలుతుంది.

ఏమీ జరగకపోతే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆఖరి రాత్రి పిలుపును గంటసేపు సాగదీసి ఏడుపులు రాబట్టొద్దు. వచ్చే వారంనుంచి అదే ప్రార్థన వారానికి ఒకరోజు కొనసాగుతుందని ముందే ప్రకటించి, మందిరం తాళం తీసే బాధ్యత ఎవరిదో రాసిపెట్టుకోండి.